రెండు చెంపలకూ ఒకే వయసుండదు

ముప్పై ఐదేళ్ల నటిని అరవై ఐదేళ్ల ఆవిడగా మార్చాలి. నేను ఈ పనిలోకి వచ్చిన కొత్తలో నా చేతికి వచ్చిన మొదటి పెద్ద పని అది. టెన్షన్‌తో రాత్రంతా ఫొటోలు తిరగేశాను. పొద్దున్నే ఆవిడని కూర్చోబెట్టి నుదుటి మీద మూడు గీతలు, కళ్ల చివర సన్న ముడతలు, ముక్కు పక్క నుంచి పెదవి కొసదాకా దిగే మడతలు, అన్నీ కొలిచినట్టు రెండు వైపులా సమానంగా వేశాను. రెండు గంటలు పట్టింది. అద్దంలో చూసి నాకు నేనే మురిసిపోయాను.

మా మాస్టారు వచ్చారు. ఓ నిమిషం నిలబడి చూసి, "ఈవిడ రాత్రిళ్లు ఏ పక్కకి తిరిగి పడుకుంటుంది?" అన్నారు. నాకేం అర్థం కాలేదు. ఆయన స్పాంజి తడిపి, కుడి చెంప మీద నేను వేసిందంతా తుడిచేశారు. "గీతలు బాగానే గీశావు. వయసే రాలేదు" అని వెళ్లిపోయారు.

ఆ మాట నాకు పూర్తిగా ఎక్కింది చాలా ఏళ్ల తర్వాత, ఒక ఫొటో చూసినప్పుడు. 2012లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ అనే వైద్య పత్రికలో వచ్చిందది. 69 ఏళ్ల ట్రక్కు డ్రైవరు. 28 ఏళ్లు బండి నడిపాడు. ఆయన కిటికీ ఎడమవైపు. గాజులోంచి వచ్చే యూవీఏ కిరణాలు (ఎండలో ఉండే, చర్మాన్ని ముడతలు పెట్టే కిరణాలు) అన్నేళ్లూ ఆ ఒక్క చెంప మీదే పడ్డాయి. కుడి చెంప వయసుకు తగ్గట్టుగానే ఉంది. ఎడమ చెంప మాత్రం వాడి పారేసిన తోలు సంచిలా మడతలు మడతలుగా వేలాడుతోంది. మనిషి ఒకడే, చెంపలు మాత్రం ఇరవయ్యేళ్ల తేడా ఉన్న ఇద్దరివేమో అనిపిస్తాయి. ఆ ఫొటో ప్రింటు తీసి ఇప్పటికీ నా మేకప్ పెట్టె మూతకి లోపల అంటించుకుని ఉన్నాను.

మేకప్ ఆర్టిస్టుల్ని ఇంటర్వ్యూ చేసేవాళ్లు తప్పకుండా అడిగే ప్రశ్న, "మీకు ప్రేరణ ఏమిటి?" అని. సూర్యాస్తమయం, సీతాకోకచిలుక, ఫలానా తార కళ్లు అని చెబుతుంటాం. అబద్ధమని అనను. కానీ మా పనిలో నిజంగా అక్కరకొచ్చేవి ఇంటర్వ్యూల్లో చెప్పుకునేంత అందంగా ఉండవు. మోకాలికి తగిలిన దెబ్బ ఉందనుకోండి. మొదట ఎర్రగా ఉంటుంది, ఒకట్రెండు రోజుల్లో నీలంగా, ఊదాగా మారుతుంది. చర్మం కింద గడ్డకట్టిన రక్తాన్ని శరీరం విడగొట్టేకొద్దీ ఆకుపచ్చ ఛాయ వస్తుంది, చివర్న పసుపు. అంచులు ముందు పసుపెక్కుతాయి, మధ్యలో ఇంకా నలుపు ఉంటుంది. నటుడి కంటి కింద దెబ్బ వేయమంటే మంచి ఆర్టిస్టు ముందు రంగు తీయడు. "కథలో దెబ్బ తగిలి ఎన్ని రోజులైంది?" అని అడుగుతాడు. నాకు దెబ్బ తగిలితే ఇంట్లోవాళ్లు మందు వెతికేవాళ్లు, నేను రోజూ ఫోన్లో ఫొటో తీసుకునేదాన్ని. ఇదో పిచ్చి, ఒప్పుకుంటాను.

ఇంతకీ నేను చెప్పదలచుకున్నది వేరే. మేకప్‌ని ముఖం కోసం వేస్తామని అందరూ అనుకుంటారు. ఎక్కువసార్లు దీపం కోసం, కెమెరా కోసం వేస్తాం. ఏ కాలంలో ఎలాంటి దీపం ఉంటే ముఖాలు అలా తయారయ్యాయి. దీపానికి లొంగిపోయేవాళ్లే ఎక్కువమంది. దీపాన్ని పక్కనపెట్టి ఎదురుగా కూర్చున్న మనిషిని కాసేపు చూడగలిగినవాళ్లు తక్కువ.

మూకీ సినిమాల సంగతే తీసుకోండి. అప్పటి ఆర్థోక్రొమాటిక్ ఫిల్ముకు ఎరుపు కనపడేది కాదు. ఎర్రటి పెదవి తెర మీద నల్లగా పడేది. తెల్లవాళ్ల చర్మంలోని గులాబీ ఛాయ కూడా మురికి పట్టినట్టు కనిపించేది. అందుకని నటులు ముఖానికి పసుపు ఛాయలున్న రంగులు దట్టంగా పూసుకునేవారు. సెట్లో ఆ మనుషుల్ని నేరుగా చూస్తే జబ్బు మనుషులేమో అనిపించేది, తెర మీద దేవతల్లా ఉండేవారు. 1920ల చివర్లో అన్ని రంగులనూ పట్టే పాంక్రొమాటిక్ ఫిల్ము వచ్చేసరికి ఆ పూతలన్నీ పనికిరాకుండా పోయాయి. హాలీవుడ్ మేకప్ తయారీదారు మాక్స్ ఫాక్టర్ ఆ ఫిల్ముకు సరిపోయే కొత్త మేకప్ తయారుచేశాడు. తర్వాత టెక్నికలర్ రంగుల సినిమా వచ్చినప్పుడు పాత గ్రీజు పూతలు లైట్ల కింద మెరిసిపోయి, చుట్టూ ఉన్న రంగుల్ని కూడా ప్రతిఫలించేవి. దానికోసం ఆయన సంస్థ చేసిందే పాన్‌కేక్. తడి స్పాంజితో రాసుకునే ఆ పూత సినిమా సెట్ నుంచి మామూలు ఆడవాళ్ల హ్యాండ్‌బ్యాగుల్లోకి వచ్చేసింది. ఒక ఫిల్ము కోసం పుట్టిన పూత లక్షలాది మందికి అందం అంటే ఇదీ అని చెప్పింది.

ఇప్పుడు రింగ్ లైట్ అదే పని చేస్తోంది. ముఖానికి ఎదురుగా, కళ్ల ఎత్తులో గుండ్రటి దీపం పెడితే నీడలన్నీ మాయమవుతాయి. ముక్కు చదునుగా, చెంప ఎముక లేనట్టుగా కనిపిస్తుంది. పోయిన నీడల్ని గోధుమరంగు కాంటూర్‌తో మళ్లీ గీసుకోవాలి. అందరి ఎదుటా అదే దీపం, అందరికీ పోయింది అదే నీడ, అందరూ గీసుకునేదీ అదే చోట. వీడియోల్లో వందమంది ముఖాలు ఒక్కలా ఉన్నాయని మనం ఆశ్చర్యపోతుంటాం. దీపం ఒకటైనప్పుడు ముఖాలు వేరుగా ఎలా ఉంటాయి? కాంటూర్ చెడ్డదని కాదు నా ఉద్దేశం, స్టేజీ మీద దాని అవసరం పాతదే. కానీ గీసిన నీడ కదలదు. ఆ ముఖంతో వీధిలోకి వస్తే, తల తిప్పినప్పుడు సూర్యుడు వేసే నీడ ఒకచోట, పెన్సిలు వేసిన నీడ ఇంకోచోట.

ఈ వీడియోల వల్ల మా పనికి గుర్తింపు వచ్చిన మాట కాదనలేను. తెర వెనక పనివాళ్లుగా ఉన్నవాళ్లు ఇవాళ పేరున్న కళాకారులయ్యారు. నాకు వచ్చిన పనిలో సగం ఆ దారిలోనే వచ్చింది. తిన్నింటి వాసాలు లెక్కపెడుతున్నానని అనుకోకండి.

గుర్తింపు విషయంలో ఈ వృత్తిది ఒక చిత్రమైన ఇరకాటం. 1973లో వచ్చిన ది ఎక్సార్సిస్ట్‌లో ముసలి ఫాదరుగా వేసిన మాక్స్ వాన్ సిడోకి అప్పటికి నలభై పైన మూడు నాలుగేళ్లుంటాయేమో. డిక్ స్మిత్ మేకప్ ఆయన్ని డెబ్భై దాటినవాడిగా చూపించింది. చాలామంది ప్రేక్షకులు ఆయన నిజంగానే ముసలాయన అనుకున్నారు. పిశాచం పట్టిన పిల్ల ముఖం గురించి అందరూ మాట్లాడుకున్నారు గానీ, ఫాదరు ముఖం మీద మేకప్ ఉందనే ఎవరికీ తట్టలేదు. నా లెక్కలో ఆ సినిమాలో అసలైన పని ఆ ముసలి ముఖమే. బాగా చేస్తే ఎవరికీ కనపడదు, కనపడకపోతే ఎవరూ మెచ్చుకోరు. ఆస్కార్ వాళ్లు మేకప్‌కి ఏటా ఇచ్చే అవార్డు పెట్టింది కూడా 1981 సినిమాల నుంచే. అంతకుముందు ఏడాది ది ఎలిఫెంట్ మ్యాన్ మేకప్‌కి ఏ గౌరవమూ దక్కలేదని గొడవ జరిగాక గానీ వాళ్లు కదల్లేదు. తొలి అవార్డు యాన్ అమెరికన్ వేర్‌వుల్ఫ్ ఇన్ లండన్‌లో రిక్ బేకర్ చేసిన తోడేలు మనిషికి వెళ్లింది. అంటే అందరికీ కనపడే మేకప్‌కే. బేకర్ ప్రతిభను తక్కువ చేయడం లేదు, దాంతో కలిపి ఆయన మొత్తం ఏడు గెలిచాడు. మెప్పు ఎటు వెళ్తుందో చెబుతున్నానంతే.

స్మిత్ గొప్పతనం ముడతల్లోనే ఉందనుకుంటే పొరపాటు. ఆయనకు ముందు ముసలి ముఖమంటే చాలావరకు ఒకే ముక్కగా తొడిగే రబ్బరు ముఖం. నటుడు నవ్వితే ముఖం మొత్తం ఒకేసారి లాగేది. స్మిత్ దాన్ని చిన్న చిన్న ముక్కలుగా చేసి, ఒకదాని అంచు మీద ఇంకోటి వచ్చేలా అంటించాడు. కనుబొమ్మ దారి కనుబొమ్మది, చెంప దారి చెంపది. అది తప్పు పద్ధతని మొదట్లో వాదించినవాళ్లున్నారు, తర్వాత అందరూ అదే పట్టుకున్నారు. పైగా ఆయన తన కిటుకుల్ని దాచుకోలేదు. ఉత్తరం రాసిన కుర్రాళ్లకల్లా జవాబిచ్చి నేర్పాడు. అలా జపాన్ నుంచి ఉత్తరం రాసిన ఒక కుర్రాడే కాజు హిరో. ఆయన తర్వాత సినిమాలు వదిలేసి శిల్పాలు చేసుకుంటుంటే, చర్చిల్ పాత్ర కోసం నటుడు గారీ ఓల్డ్‌మన్ బతిమాలి మళ్లీ తీసుకొచ్చాడు. 2018లో ఆ మేకప్‌కి ఆస్కార్ వచ్చింది.

జాక్ పియర్స్ కథ దీనికి పూర్తిగా భిన్నం. 1931లో ఫ్రాంకెన్‌స్టైన్ సినిమాలో రాక్షసుడి ముఖం చేసింది ఆయనే. తల పైన ఎందుకు చదునుగా ఉందంటే, పుర్రెని మూతలా కోసి మెదడు పెట్టి ఉంటారని ఆయన తర్కం. బోరిస్ కార్లాఫ్ నోట్లో తీసిపెట్టుకునే కట్టుడు పళ్లు కొన్ని ఉండేవి. అవి తీస్తే ఆ పక్క చెంప లోపలికి పోయేది. పియర్స్ ఆ గుంటను పూడ్చకుండా ఇంకా నల్లగా నీడ దిద్దాడు. ఎదురుగా ఉన్న మనిషిని చూడడమంటే నాకు ముందు గుర్తొచ్చేది ఆ గుంటే. అలాంటి పియర్స్ దూదీ జిగురూ పెట్టి గంటల తరబడి చేతితో కట్టే పద్ధతినే పట్టుకు కూర్చున్నాడు. 1940ల్లో ముందే పోతపోసి పెట్టుకునే ఫోమ్ రబ్బరు ముక్కలు వచ్చాక స్టూడియో ఆయన్ని పంపించేసింది. కన్ను ఎంత గొప్పదైనా చేతులు కాలంతో నడవాల్సిందే. ఈ వాక్యం నాకు నేను చెప్పుకుంటున్నది కూడా, సిలికాన్ నేర్చుకోవడానికి నేను నాలుగేళ్లు మొరాయించాను.

బ్యూటీ మేకప్ సంగతికొస్తే, ఈ తరంలో పాట్ మెక్‌గ్రాత్ పేరు చెప్పకుండా కుదరదు. చిన్నప్పుడు వాళ్లమ్మ టీవీకి అడ్డంగా నిలబడి, ఇవాళ నా కళ్లకి ఏం మార్చానో చెప్పమని అడిగేదట. అంతకు మించిన మేకప్ స్కూలు నాకు తెలియదు. 2024 జనవరిలో మార్జియెలా అనే ఫ్యాషన్ సంస్థ షోకి ఆవిడ మోడళ్ల చర్మాన్ని పింగాణీ బొమ్మల్లా మెరిపించింది. అదెలా చేశారో కనిపెట్టాలని ప్రపంచంలోని మేకప్ వాళ్లమంతా రోజుల తరబడి వంటింట్లో జెలటిన్‌తో సహా అన్నీ పూసుకుని చూశాం. చివరికి ఆవిడే చెప్పింది, ఊడదీసే పీల్ మాస్కులు నీళ్లలా పలచన చేసి పొరలు పొరలుగా ఎయిర్‌బ్రష్‌తో కొట్టిందని. ఆ షో వంతెన కింద, మసక వెలుగులో జరిగింది. ఆ మెరుపు ఆ వెలుగు కోసమే. అదే పూత పగటి వెలుగులో ఎలా ఉంటుందో నేను వేసుకుని చూశాను. ప్లాస్టిక్.

ఇదంతా రాస్తున్నాను గానీ, నేనూ దీపానికి లొంగినదాన్నే. ఏడెనిమిదేళ్ల కిందటి మాట. ఒకావిడ ఫొటో తీయించుకోవడానికి వచ్చారు, యాభై దాటి ఉంటాయి. ఎదురుగా రెండు పెద్ద సాఫ్ట్‌బాక్సులు, అంటే వెలుగును మెత్తగా పరిచే లైట్లు. అవి చూసి నా చెయ్యి దాని పని అది చేసుకుపోయింది. కళ్ల కింద నీలానికి నారింజ ఛాయ కరెక్టర్, బుగ్గల ఎరుపుకి ఆకుపచ్చ, పైన ఫౌండేషన్. పై పెదవి పక్కన చిన్న పుట్టుమచ్చ ఉంటే కన్సీలర్ తట్టి పౌడర్ నొక్కాను. అడగాలని కూడా తోచలేదు.

ఆవిడ అద్దానికి దగ్గరగా వంగి చూసుకున్నారు. "ఇక్కడ మచ్చ ఉండాలి కదండీ" అన్నారు.

"కవర్ చేశాను మేడమ్. ఫొటోలో క్లీన్‌గా వస్తుంది" అన్నాను, కొంచెం గర్వంగానే.

"మా అమ్మకీ అక్కడే ఉండేది" అన్నారు. అంతకన్నా ఏమీ అనలేదు.

బయట ఫొటోగ్రాఫర్ తొందరపెడుతున్నాడు. తుడిచి మళ్లీ మొదలుపెట్టే టైం లేదు. గోధుమరంగు పెన్సిలు సన్నగా చెక్కి, అసలు మచ్చ మీద కప్పిన పూత పైన, అదే చోట, అంతే సైజులో ఒక మచ్చ గీశాను. చూసినవాళ్లెవరూ పోల్చలేరు. ఆవిడ థాంక్స్ చెప్పి లేస్తూ, అలవాటు కాబోలు, వేలితో అక్కడ తాకారు. వేలికి రంగు అంటింది. దాన్ని టిష్యూకి తుడుచుకుని లైట్ల వైపు నడిచారు.