ఆలస్యంగా వచ్చిన బస్సు గారికి

దుబాయ్‌లో 2006 మార్చి 21 సాయంత్రం, డ్యూటీ దిగే వేళకు సైటు గేటు దగ్గరికి రావాల్సిన లేబర్ బస్సు గారికి,

జగిత్యాల జిల్లా నుంచి ఒక గల్ఫ్ కార్మికుడి అన్న కొడుకు నమస్కరించి రాయునది.

మీరు ఈపాటికి ఏ తుక్కు యార్డులోనో కరిగి, ఇంకో భవనానికి ఇనప చువ్వలై పోయి ఉంటారు. అయినా మీమీద పడ్డ నింద మాత్రం చెక్కు చెదరలేదు. ఆ రోజు సంగతి ఎవరెత్తినా మొదటి వాక్యం మీరే. 'బస్సులు లేటుగా వచ్చాయని కార్మికులు విధ్వంసం చేశారు.' ఇంత పెద్ద పేరు ఇంత చిన్న తప్పుకు మోసిన వాహనం ఇంకోటి లేదు. అందుకే తీరిక చేసుకుని రాస్తున్నాను.

జరిగింది మీకు తెలిసిందే. ప్రపంచంలోకెల్లా ఎత్తయిన కట్టడం లేస్తోంది. అప్పటికి దాని పేరు బుర్జ్ దుబాయ్. పని ముగించుకుని గేటు దగ్గర నిలబడ్డవాళ్ళు 2,500 మంది దాకా ఉన్నారు. మీరు రాలేదు. కాసేపటికి సెక్యూరిటీ వాళ్ళని తరిమారు, సైటు ఆఫీసుల్లోకి జొరబడ్డారు, కంప్యూటర్లు, ఫైళ్ళు, కార్లు, యంత్రాలు పగలగొట్టారు. నష్టం దాదాపు 10 లక్షల డాలర్లని అధికారులు లెక్క తేల్చారు. మర్నాడు అందరూ బుద్ధిగా సైటుకొచ్చారు. వచ్చి, పనిముట్లు ముట్టుకోకుండా కూర్చున్నారు. అది చూసి దుబాయ్ విమానాశ్రయంలో కొత్త టెర్మినల్ కడుతున్నవాళ్ళు కూడా పని ఆపేశారు. పాపం, వాళ్ళ బస్సు టైముకే వచ్చిందేమో కూడా.

నాకో అనుమానం. ఆ గేటు దగ్గర నిలబడ్డవాళ్ళు ఎవరు? భారతదేశం, పాకిస్తాన్, బంగ్లాదేశ్, నేపాల్ మనుషులు. లేటు బస్సుల మీద పిహెచ్‌డీలు చేసినవాళ్ళు. మా జగిత్యాల బస్టాండులో బస్సు లేటైతే జనం ఏం చేస్తారో తెలుసా? పల్లీలు కొనుక్కుంటారు. ఇంకో అరగంట లేటైతే ఇంకో పొట్లం. బస్సు లేటైనందుకే రాళ్ళు తీసే జాతి అయితే, నిజాం సర్కారు 1932లో మొదలుపెట్టిన బస్సులు ఆ ఏడాదే ముగిసిపోయేవి. మరి ఇంతటి ఓపికపరులకు మిమ్మల్ని చూస్తే ఆ సాయంత్రం ఎందుకంత కోపం వచ్చింది?

అత్త కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందని మావైపు సామెత. మీరు తోటికోడలు, అంతే. నవ్వారు, దొరికిపోయారు. అత్తగారి పేరు ఎక్కడా రాలేదు.

ఆ అత్తగారి సంగతి చూద్దాం. ఆ సైటులో అప్పటి పత్రికలు రాసిన కూలి రోజుకు 4 డాలర్లు, కార్పెంటరైతే 7 డాలర్ల 60 సెంట్లు. అప్పటి మారకంలో 4 డాలర్లంటే 180 రూపాయల దరిదాపు. ఆ పని దొరకడానికి ఊళ్ళో ఏజెంటుకు కట్టి వచ్చింది ఎంత? హ్యూమన్ రైట్స్ వాచ్ అనే మానవ హక్కుల సంస్థ అదే ఏడాది నవంబర్‌లో వేసిన నివేదిక ప్రకారం 2,000 నుంచి 3,000 డాలర్లు. నేను డిగ్రీలో లెక్కలు తప్పినవాణ్ణే కానీ ఇది తేలికే. 2,000 డాలర్లంటే మామూలు కూలీకి 500 రోజుల కూలి. తిండి తినకుండా, ఇంటికి పైసా పంపకుండా, జ్వరం రాకుండా 500 రోజులు. పైన నూటికి మూడు రూపాయల వడ్డీ ఊళ్ళో దానిపాటికది నడుస్తూనే ఉంటుంది. దానికి మధ్యాహ్నపు విరామం లేదు.

విరామం అంటే గుర్తొచ్చింది. 2005 ఎండాకాలంలో అక్కడి ప్రభుత్వం దయతలచి, జూలై, ఆగస్టు నెలల్లో మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి నాలుగున్నర దాకా ఆరుబయట పని వద్దంది. కంపెనీలు మొర పెట్టుకున్నాయి. మరుసటి ఏడాదికల్లా ఆ విరామం మూడు గంటలకే ముగిసిపోయింది. ఏడాదిలో గంటన్నర ఎండ తగ్గించిన దేశం ఇంకెక్కడైనా ఉందా? సూర్యుడికి కూడా అక్కడ వీసా ఇచ్చేది కంపెనీయే కాబోలు.

ఇక పాస్‌పోర్టు. అది కార్మికుడి దగ్గరే ఉండాలని ఆ దేశపు చట్టమే చెబుతుంది. ఏజెంటు ఫీజు కూడా కార్మికుడి దగ్గర గుంజకూడదని చెబుతుంది. చట్టాలకేం, బంగారంలాంటివి. పాస్‌పోర్టులు మాత్రం భద్రత కోసం కంపెనీ లాకర్‌లో పడుకునేవి. మొదటి రెండు నెలల జీతం కూడా భద్రత కోసమే ఆగిపోయేది. మనిషి మాత్రం భద్రత అక్కర్లేదన్నట్టు నలభయ్యో అంతస్తులో వేలాడేవాడు. కంపెనీ నచ్చకపోతే ఇంకో కంపెనీకి పోవడానికి ఉండేది కాదు, దాన్నే కఫాలా అంటారు. తెగించి బయటికి పారిపోతే మా ఊళ్ళల్లో ఆ మనిషిని 'ఖల్లివల్లి అయిండు' అంటారు. అరబ్బీలో ఆ మాటకు 'పోనీ, వదిలెయ్' అని అర్థమట. ఎంత చక్కగా వదిలేస్తారంటే, ఆ తర్వాత జ్వరమొచ్చినా ఆస్పత్రికి వెళ్ళడానికి భయమే.

మా చిన్నాయిన తొమ్మిదేళ్ళు మీలాంటి బస్సుల్లోనే తిరిగాడు. షట్టరింగ్ కార్పెంటరు. కార్పెంటరంటే కుర్చీలు చేసేవాడనుకునేరు, స్లాబుకు సెంట్రింగ్ కొట్టేవాడు. ఆయన సైటు వేరు, కంపెనీ వేరు. తెల్లారుజామున మూడింటికి లేవాలి. గదికి ఎనిమిది మంది, స్నానాలగదికి అంతకు నాలుగింతలు. అన్నం వండి డబ్బాలో పెట్టుకుని నాలుగున్నరకు మీ ముందు క్యూలో నిలబడాలి. ఏసీ లేని బస్సు. పక్కనుంచి ఏసీ కార్లు దూసుకుపోతుంటే ట్రాఫిక్‌లో రెండు గంటలు. సాయంత్రం మళ్ళీ రెండు గంటలు. పొద్దున వండిన అన్నం మధ్యాహ్నానికి పులిసిపోయి వాసన వచ్చేదట. కంపెనీ లెక్కలో డ్యూటీ సైటు గేటు దగ్గర మొదలై గేటు దగ్గరే ముగుస్తుంది. మీ కడుపులో కూర్చున్న నాలుగు గంటలు ఎవరి లెక్కలోనూ లేవు.

ఆ మార్చి గొడవ గురించి ఒకసారి అడిగాను. బీడీ ముట్టించుకుని, "బస్సు లేటైతే ఏమైతది బిడ్డా, కూసుంటం. గంటసేపు కూసున్నంక మనిషికి ఆలోచన మొదలైతది. అదీ కత" అన్నాడు.

బస్సు గారూ, మీ అసలు నేరం ఇదేనని నాకు అప్పుడు అర్థమైంది. పొద్దున మూడింటి నుంచి ఒక్క నిమిషం ఖాళీ ఇవ్వకుండా నడిపిన 2,500 మందికి, మీరు ఉత్తి పుణ్యానికి ఖాళీ సమయం ఇచ్చారు. ఒకడు అప్పు గుర్తు చేసుకున్నాడు. ఇంకొకడు ఫోర్‌మన్ పొద్దున తిట్టిన తిట్టు గుర్తు చేసుకున్నాడు. పక్కవాడు ఓవర్‌టైము ఏదని అడిగాడు. మర్నాడు వాళ్ళు అడిగిన జాబితా చూడండి. జీతం, ఓవర్‌టైము, వైద్యం, మనిషిలా చూడటం. 'బస్సు టైముకు రావాలి' అన్నదొక్కటే అయితే ఒక గడియారం కొనిస్తే సరిపోయేది.

కార్లు పగలగొట్టడం తప్పేనండీ, కాదనను. ఆ కార్లలో సైటు ఇంజనీరు కష్టపడి కొనుక్కున్నది కూడా ఒకటి ఉండి ఉంటుంది. కానీ నోటితో చెప్పుకునే దారేది? ఆ దేశంలో సంఘం పెట్టుకోవడం నేరం, సమ్మె నేరం. గొడవ జరిగిన ఆ నెలలోనే, ఏడాది చివరికల్లా కార్మిక సంఘాలకు చట్టం తెస్తామని ప్రభుత్వం ప్రకటించింది. అందరూ సంతోషించారు. సెప్టెంబర్ వచ్చింది. చట్టం బదులు ఉత్తర్వు వచ్చింది: సమ్మె చేసిన వలస కార్మికుడికి కనీసం ఏడాదిపాటు ఆ దేశంలో పని లేదు. మీరు గంట లేటైతే ప్రపంచమంతా వార్త. ఆ చట్టం ఇంకా దారిలోనే ఉంది, దాని లేటు గురించి ఎవరూ అద్దాలు పగలగొట్టలేదు.

మరుసటి ఏడాది అక్టోబర్‌లో దుబాయ్‌లోనే, జెబెల్ అలీలో ఇంకో గొడవ. జీతం పెంచండి, మంచి గది ఇవ్వండి, సైటుకు తీసుకెళ్ళే బండ్లు బాగుచేయండి అని రోడ్డెక్కారు. చూశారా, మళ్ళీ మీ ప్రస్తావన. పోలీసు వాహనాల మీద రాళ్ళు పడ్డాయి, వేలమందిని వెనక్కి పంపేస్తామని బెదిరింపులొచ్చాయి. ఈసారి అత్తగారు వేరే రూపంలో వచ్చింది. అక్కడి డబ్బు దిర్హమ్ విలువ డాలరుకు కట్టేసి ఉంటుంది. 45 రూపాయల దగ్గరున్న డాలరు అప్పటికి 39కి జారింది. జీతం ఎవరూ కోయలేదు, కానీ ఊరికి చేరే సొమ్ము మాత్రం తగ్గిపోయింది. ఇంటావిడ ఫోనులో "ఈ నెల తక్కువొచ్చినయేంది" అనడిగితే ఏమని చెప్పాలి? అమెరికా డాలరు బలహీనపడిందనా?

2010 జనవరి 4న ఆ భవనాన్ని బాణసంచాతో ప్రారంభించారు. 828 మీటర్లు. ఆ రాత్రే పేరు మారి బుర్జ్ ఖలీఫా అయింది. ఎందుకంటారా? దుబాయ్ పీకల్లోతు అప్పుల్లో ఉంటే, ముందు నెలలోనే అబుదాబి 1,000 కోట్ల డాలర్లు సర్దింది. ఆ అబుదాబి పాలకుడి పేరే భవనానికి పెట్టారు. నాకు భలే నచ్చింది. అప్పు తీర్చలేని నగరానికి చుట్టం దొరికాడు, పేరు మారింది, పటాకులు కాలాయి. అప్పు తీర్చలేని మా ఊరి కూలీకి కూడా పేరు మారుతుంది. చెప్పాను కదా, ఖల్లివల్లి.

మీ కులంవాళ్ళకు ఇంకా ఘోరమే జరిగింది. 2016లో మక్కాలో ఒక పెద్ద నిర్మాణ కంపెనీ కార్మికులు, నెలల తరబడి జీతాల్లేక, పని నుంచి తీసేస్తున్నారని తెలిసి, కంపెనీ బస్సులు ఏడింటిని తగలబెట్టారు. జీతం ఎగ్గొట్టినవాడు ఎప్పుడూ అందనంత ఎత్తులో ఉంటాడు. చేతికందే దూరంలో నిలబడేది మీరే. మీ జాతకం అలాంటిది.

ఇదంతా ఎడారి దేశాల పాపమని, మనం పునీతులమని మీరు అనుకుంటే పొరపాటు. మన కేంద్ర ప్రభుత్వమే 2020 సెప్టెంబర్‌లో, గల్ఫ్‌కు పోయే కూలీలకు ఇవ్వాల్సిన కనీస వేతనాన్ని 30 నుంచి 50 శాతం దాకా తగ్గిస్తూ సర్క్యులర్లు ఇచ్చింది. కార్మికుల తరఫున తెలంగాణ హైకోర్టు దాకా వెళ్ళి మొత్తుకుంటే 2021 జూలైలో పాత వేతనాలు తిరిగొచ్చాయి. సొంత అత్త, మేనత్త అని తేడా ఏముంటుంది లెండి.

2020 ఏప్రిల్ సంగతి ఇంకా దగ్గరిది. సంగారెడ్డి పక్కన కంది. ఐఐటీ హైదరాబాద్ భవనాలు కడుతున్న సైటు. జార్ఖండ్, బీహార్, ఉత్తరప్రదేశ్ లాంటి చోట్ల నుంచి వచ్చిన రెండు వేలకు పైగా మనుషులు లాక్‌డౌన్‌లో నెల దాటి అక్కడే ఇరుక్కున్నారు. జీతాలు రాలేదన్నారు, ఊరికి పంపమన్నారు. నెల రోజులూ అందరూ ఒకే మాట చెప్పారు, బస్సుల్లేవు, రైళ్ళు లేవు, దేశమే ఆగిపోయింది. నిజమేననుకుని టీవీ చూస్తూ నేనూ తల ఊపాను. ఏప్రిల్ 29న రాళ్ళు లేచాయి. పోలీసులకు దెబ్బలు తగిలాయి, వాళ్ళ బండి అద్దాలు పగిలాయి. మే 1 తెల్లవారుజామున, దేశంలో వలస కూలీల కోసం నడిచిన మొట్టమొదటి ప్రత్యేక రైలు లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు బయల్దేరింది. లోపల 1,200 మంది దాకా, కంది సైటు నుంచి వచ్చినవాళ్ళే ఎక్కువ. కంది నుంచి లింగంపల్లికి వాళ్ళని తెచ్చింది ఎవరనుకున్నారు? మా ఆర్టీసీ బస్సులు. నెల రోజులు లేని బస్సులు రాత్రికి రాత్రి వరసకట్టి నిలబడ్డాయి. మేడే రోజున. ముహూర్తం ఎవరు పెట్టారోగానీ దివ్యంగా పెట్టారు.

అంటే బస్సు గారూ, మీ దేశంలో మీరు రాక రాళ్ళు లేచాయి. మా దగ్గర రాళ్ళు లేచాక మీరు వచ్చారు. మీ టైంటేబుల్ ఎవరు రాస్తారో కాస్త కనుక్కుని చెప్పగలరా? ఇకముందు సైటు గేటు దగ్గర ఒక బోర్డు రాయించి పెడితే ఉభయులకూ మేలు.

ఇక అసలు పని. పొగడ్తలకో తిట్లకో రాసిన ఉత్తరం కాదిది. చిన్నాయిన మోకాళ్ళు అరిగిపోయి ఇంటిపట్టునే ఉంటున్నాడు. ఇప్పటికీ జగిత్యాల వెళ్ళాలంటే బస్సు టైముకు గంట ముందే స్టేజీ దగ్గర నిలబడతాడు, ఎవరు చెప్పినా వినడు. మొన్న ఆయన పక్కన కూర్చుని ఒక బిల్లు తయారుచేశాను. రోజుకు మీ దగ్గర 4 గంటలు, నెలకు 26 రోజులు, ఏడాదికి 12 నెలలు, మొత్తం 9 ఏళ్ళు. సెలవుల్లో ఇంటికొచ్చిన రోజులు తీసేద్దామంటే, మీరు లేటైన రోజులకు అవి చెల్లన్నాడాయన. వెరసి 11,232 గంటలు. రాత్రీ పగలూ కలిపి 468 రోజులు.

ఓవర్‌టైము రేటు వద్దట, మామూలు రేటే చాలట. ఎవరి పేరున పంపాలో తెలియక మీ పేరున పంపుతున్నాను.

ఇట్లు,
ఇంకో గేటు దగ్గర నిలబడ్డవాళ్ళలో ఒకరి అన్న కొడుకు

తా.క.: చిల్లర లేదని మాత్రం అనకండి. ఆ మాట మా కండక్టర్ల సొంతం.