పండక్కొచ్చే టెన్నిస్‌కి మైకు పట్టేదెవరు?

టెన్నిస్‌లో అన్నిటికంటే పెద్ద టోర్నీలు నాలుగు, వాటినే గ్రాండ్‌స్లామ్‌లంటారు. వాటిలో మన గడియారానికి కుదిరేది ఆస్ట్రేలియన్ ఓపెన్ ఒక్కటే. అది జరిగే మెల్‌బోర్న్ మనకంటే ఐదున్నర గంటలు ముందుంటుంది. అక్కడ పొద్దున 11 గంటలకు ఆట మొదలైతే మనకు తెల్లవారి ఐదున్నర, వాకిట్లో ముగ్గు వేసే వేళ. అక్కడ రాత్రి ఏడున్నరకి ఫైనల్ అంటే ఇక్కడ మధ్యాహ్నం రెండు. యూఎస్ ఓపెన్ రాత్రి మ్యాచ్‌లు చూడాలంటే నాలుగున్నరకి అలారం పెట్టుకోవాలి. పారిస్‌లో ఫ్రెంచ్ ఓపెన్ రాత్రి మ్యాచ్ మొదలయ్యేసరికి మనం రెండో నిద్రలో ఉంటాం. వింబుల్డన్ సాయంత్రాలు వస్తుంది గానీ, ఆ వేళ రిమోట్ మన చేతిలో ఉంటే కదా.

పైగా ఇది పండక్కే వస్తుంది. 2024లో టోర్నీ మొదలైన జనవరి 14 మనకు భోగి. 2025లో 12న మొదలైంది, మర్నాడు భోగి. పిల్లలకు సెలవులు. చెన్నై, బెంగళూరు, హైదరాబాద్ నుంచి అందరూ ఊళ్ళకు చేరి ఉంటారు. ఇంతకంటే మంచి ముహూర్తం ఏ ఆటకు దొరుకుతుంది? అయినా మా నెల్లూరు జిల్లాలో గానీ, పక్కన ప్రకాశంలో గానీ, పండగపూట టీవీలో టెన్నిస్ నడుస్తున్న ఇల్లు కోసం వీధి వీధీ తిరగాలి. మనవాళ్ళకు ఆ ఆట పట్టదు, అది డబ్బున్నవాళ్ళ ఆట అని తేల్చేస్తుంటారు. నాకు మాత్రం లోపం వేరేచోట కనిపిస్తుంది. ఆ ఆటను మనకు చెప్పేవాళ్ళు లేరు.

2024 కనుమ నాడు కందుకూరు దగ్గర పల్లెలో మా మేనమామ ఇంట్లో ఉన్నాం. హాల్లో సినిమా నడుస్తోంది. నేను ఓ మూల మంచం మీద ఫోన్ పట్టుకుని ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో మన సుమిత్ నాగల్ మ్యాచ్ చూస్తున్నాను. అవతల కజకిస్తాన్ ఆటగాడు బుబ్లిక్, 31వ సీడ్, అంటే టోర్నీవాళ్ళు ముందే మేటి అని వరస కట్టిన ఆటగాళ్ళలో 31వవాడు. మామ గారె నములుతూ వచ్చి భుజం మీదుగా తొంగి చూశాడు.

"ఏంది అబ్బయ్యా, పదిహేనంటాడు, ముప్పై అంటాడు, మళ్ళా నలభై అంటాడు. నలభై ఐదు కదా రావాల?"

నిజమే కదా. గడియారం ముల్లు లెక్కలోంచి వచ్చిందని ఓ కథ చెబుతారు, దానికి గట్టి రుజువేమీ లేదు. అదే చెప్పాను. "మరి నలభై, నలభై అయితే?" అన్నాడు. డ్యూస్ అంటారు మామా, అక్కడినుంచి వరసగా రెండు కొట్టాలి, ఒకటి కొట్టి రెండోది పోగొట్టుకుంటే మళ్ళీ మొదటికే వస్తుంది అన్నాను. ఆయన మంచం పట్టెమీద కూర్చున్నాడు. ఆ తర్వాత లేవలేదు. నాగల్ వరసగా మూడు సెట్లు 6-4, 6-2, 7-6తో గెలిచేదాకా చూశాడు. సింగిల్స్‌లో మన దేశపు మగవాడు గ్రాండ్‌స్లామ్‌లో ఒక సీడెడ్ ఆటగాణ్ణి ఓడించి అప్పటికి 35 ఏళ్ళయింది. 1989లో ఇదే ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో రమేశ్ కృష్ణన్ ఏకంగా నంబర్ వన్ మాట్స్ విలాండర్‌నే ఓడించాడు. ఆ సంగతి చెబితే మామకి ఇంకాస్త హుషారొచ్చింది.

ఆయన్ని అక్కడ కూర్చోబెట్టింది దేశభక్తి అనుకుంటే నాగల్ గెలిచాక లేచి వెళ్ళాలి. వెళ్ళకుండా ఇంకో మ్యాచ్ పెట్టమన్నాడు. లెక్క తెలియడంతో ఆటలో ఎక్కడ ఊపిరి బిగబట్టాలో తెలిసింది.

టెన్నిస్‌లో ఉన్న తమాషా అంతా ఆ లెక్కలోనే ఉంది. అన్ని పాయింట్లకీ ఒకే విలువ ఉండదు. 2019 వింబుల్డన్ ఫైనల్లో ఫెదరర్ 218 పాయింట్లు గెలిచాడు, జొకోవిచ్ 204. కప్పు మాత్రం జొకోవిచ్ పట్టుకెళ్ళాడు. ఫెదరర్ రిటైరయ్యాక 2024లో ఓ అమెరికన్ యూనివర్సిటీలో ప్రసంగిస్తూ తన లెక్క తానే చెప్పాడు: ఆడిన 1,526 సింగిల్స్ మ్యాచ్‌లలో దాదాపు 80 శాతం గెలిచాడు, కానీ గెలిచిన పాయింట్లు 54 శాతమే. అంటే అంతటివాడు కూడా సగానికి కాస్త తక్కువ బంతులు ఓడిపోతూనే బతికాడు. ఈ ఒక్క ముక్క చెప్పి చూడండి, పేకాట తెలిసిన ఎవరైనా ఆటను వేరే కళ్ళతో చూస్తారు.

మన దగ్గర ఇలా చెప్పే కళ లేదా అంటే, బ్రహ్మాండంగా ఉంది. అదే సంక్రాంతికి ఊళ్ళలో జరిగే బండలాగుడు పోటీలకు వెళ్ళండి. ఒంగోలు గిత్తల జత బండ లాగుతుంటే మైకు పట్టినవాడు ఒక్క క్షణం ఊరుకోడు. ఏ ఊరి జత, రెండు పళ్ళ విభాగమా, నాలుగు పళ్ళదా, ఎన్ని అడుగులు లాగింది, ఇంకా ఎన్ని నిమిషాలుంది, ఇందాకటి జతను దాటాలంటే ఇంకెంత లాగాలి, గొంతు పెంచుతూ చెబుతూనే ఉంటాడు. ఆ జత ఎవరిదో తెలియని పరాయి ఊరివాడు కూడా మునివేళ్ళమీద లేచి చూస్తాడు. గిత్తలు అతనివి కావు, ఊరు అతనిది కాదు. పందెం ఎక్కడ బిగుస్తోందో మాత్రం చెవిలో పడుతోంది, అంతే.

టెన్నిస్‌కి మన దగ్గర జరిగింది దీనికి సరిగ్గా తిరగేసిన పని. మనవాళ్ళు ఆడితేనే వార్త, లేకపోతే క్రీడల పేజీ అడుగున నాలుగు అంకెల స్కోరు. 2005 జనవరి గుర్తుందా? సునామీ వచ్చి నెల తిరగలేదు, మన తీరమంతా ఇంకా తేరుకోనేలేదు. ఆ రోజుల్లో హైదరాబాద్ అమ్మాయి సానియా మీర్జా మెల్‌బోర్న్‌లో మూడో రౌండుకు వెళ్ళి సెరెనా విలియమ్స్‌తో ఆడింది. 6-1, 6-4తో ఓడింది. గ్రాండ్‌స్లామ్ సింగిల్స్‌లో అంతదూరం వెళ్ళిన తొలి భారతీయ మహిళ ఆమే. ఆ ఏడాది నుంచి మా కావలిలో కూడా ఆడపిల్లల చేతిలో రాకెట్లు కనిపించాయి. బాగానే ఉంది. కానీ మన చూపు ఆమెను దాటి పక్కకు జరగలేదు. అవతల నెట్‌కి అటువైపు ఆడుతున్నది ఆ ఆటలో ఎంత గొప్పదో ఎవరూ విడమరచి చెప్పలేదు. 2023లో సానియా తన ఆఖరి గ్రాండ్‌స్లామ్ మెల్‌బోర్న్‌లోనే ఆడి వెళ్ళిపోయాక, చాలా ఇళ్ళలో టెన్నిస్ కూడా ఆమెతోపాటే వెళ్ళిపోయింది.

మా నాన్న తరం అలా కాదు. దూరదర్శన్ ఒక్కటే ఉన్నప్పుడు వింబుల్డన్ ఫైనల్ వేసేవాళ్ళు. 1988, 89, 90 వరసగా మూడేళ్ళు బెకర్, ఎడ్‌బర్గ్ ఫైనల్ ఆడారు. ఒకడు జర్మన్, ఇంకొకడు స్వీడన్ వాడు. మనకేం చుట్టాలు కారు. అయినా మా నాన్న ఎడ్‌బర్గ్ పక్షం, మా బాబాయి బెకర్ పక్షం. ఇప్పటికీ కలిస్తే ఆ గొడవ ఒడవదు.

ఇప్పుడు ఛానళ్ళకేం కొదవ లేదు. ఆస్ట్రేలియన్ ఓపెన్ కొన్నేళ్ళుగా సోనీ చేతిలో ఉంది, వింబుల్డన్ స్టార్ చేతిలో. రెండూ కావాలంటే రెండు చందాలు. కేబుల్ అబ్బాయిని అడిగితే ఆ ప్యాకేజీలో లేదు సార్ అంటాడు. నెలకు అంత పెట్టి రెండు వారాల ఆట కోసం ఎవరు వేయించుకుంటారు? తమిళం, తెలుగు వ్యాఖ్యానాల కోసమని సోనీ 2021లో టెన్ 4 పేరుతో వేరే ఛానలే పెట్టింది. ఆలోచన మంచిది. అయితే డ్యూస్‌కి తెలుగు మాట వెతకడం వల్ల ఒరిగేదేమీ లేదు, డ్యూస్ డ్యూస్‌లాగే ఉండనివ్వండి. బండలాగుడు మైకువాడు చెప్పే పద్ధతి కావాలి: ఇప్పుడు ఎవరికి దడగా ఉంది, ఈ పాయింటు పోతే ఏం పోతుంది.

అలా చెప్పదగ్గ కథలు ఈ టోర్నీలో రాశులు పోసి ఉన్నాయి. నాగల్ సంగతే చూడండి. ఆ కనుమకు నాలుగు నెలల ముందు తన బ్యాంకు ఖాతాలో 900 యూరోలే మిగిలాయని బయటపెట్టాడు. మన డబ్బులో 80 వేలు. క్వాలిఫయింగ్ అనే అర్హత పోటీల్లో మూడు మ్యాచ్‌లు గెలిచి అసలు టోర్నీలోకి వచ్చి, బుబ్లిక్‌ని ఓడించి రెండో రౌండు చేరినందుకు అతనికి ఖాయమైంది లక్షా 80 వేల ఆస్ట్రేలియన్ డాలర్లు, దాదాపు కోటి రూపాయలు. విమానం టికెట్లు, కోచ్, ఫిజియో ఖర్చులన్నీ సొంత జేబులోంచే పెట్టుకునేవాడికి ఒక్క మ్యాచ్ అంటే ఏమిటో ఈ లెక్క చెబుతుంది. రొయ్యల సాగు చేసే మా జిల్లావాళ్ళకు దీన్ని వివరించక్కర్లేదు. ఒక్క పంట నిలబడితే బాకీలు తీరతాయి, పోతే గుంట అమ్ముకోవాలి.

లేదంటే 2012 ఫైనల్. జొకోవిచ్, నాదల్. 5 గంటల 53 నిమిషాలు, గ్రాండ్‌స్లామ్ ఫైనల్స్‌లో అంత పొడుగు మ్యాచ్ అంతకుముందు లేదు. ఆదివారం మధ్యాహ్నం భోంచేసి టీవీ ముందు కూర్చుంటే, లేచేసరికి రాత్రి ఎనిమిది దాటింది. మధ్యలో రెండుసార్లు కరెంటు పోయింది, ఒకసారి చుట్టాలొచ్చి కాఫీ తాగి వెళ్ళారు కూడా. ఐదో సెట్ 7-5తో జొకోవిచ్ గెలిచాడు. బహుమతుల వేళ స్పాన్సర్లు మాట్లాడుతుంటే ఇద్దరూ నిలబడలేక వంగిపోతున్నారు. ఎవరో చూసి కుర్చీలు తెచ్చి వేశారు. నాకు ఆ మ్యాచ్‌లో గుర్తుండిపోయింది ఆ కుర్చీలే.

మెల్‌బోర్న్‌లో అప్పుడు అర్ధరాత్రి దాటి ఒంటిగంటన్నర. 2023లో ముర్రే, కొక్కినాకిస్ రెండో రౌండ్ మ్యాచ్ అయితే అక్కడ తెల్లవారుజామున 4 గంటల 5 నిమిషాలకు ముగిసింది. ఇదేం వేళ అని పెద్ద రచ్చ అయింది, దీనివల్ల ఎవరికి లాభమని ముర్రేయే అడిగాడు. ఆలస్యాలు తగ్గించడానికని మరుసటి ఏడాది టోర్నీని ఒకరోజు ముందే, ఆదివారం నుంచి మొదలుపెట్టి 15 రోజులు చేశారు. ఒకరోజు పెరిగితే ఆ రోజు టికెట్లూ పెరుగుతాయనుకోండి, అది వేరే సంగతి. ఆ ముర్రే మ్యాచ్ ఆఖరి బంతి పడినప్పుడు నెల్లూరులో రాత్రి పది ముప్పై ఐదు. వాళ్ళకు తెల్లారిపోయిన ఆట మనకు పడుకోబోయే ముందు చూసే ఆట. ఈ అదృష్టం ఐరోపావాళ్ళకు కూడా లేదు.

మా క్లబ్బులో ఉన్నది ఎర్రమట్టి కోర్టు. తెల్లవారుజామునే కోర్టు చూసుకునే మార్కర్ వచ్చి నీళ్ళు చల్లి, రోలర్ లాగి, సున్నంతో గీతలు వేస్తాడు. ఇరవై ఏళ్ళుగా అదే పని. మెల్‌బోర్న్‌లో 2021 నుంచి గీతల దగ్గర మనుషులే లేరు, బంతి లోపలో బయటో కెమెరాలే చెబుతాయి. మా దగ్గర మట్టిమీద పడ్డ మచ్చ చుట్టూ నలుగురు చేరి వాదించుకుంటారు. ఆ మార్కర్‌ని ఒకసారి అడిగాను, టీవీలో మ్యాచ్ పెడితే నువ్వేం చూస్తావని. "రెండో సర్వ్ చూస్తా సార్. మొదటిది ఎవుడైనా కొడతాడు. అది పోయినాక ఎట్టా కొడతాడో చూస్తే వాడి ధైర్యం ఎంతో తెలుస్తది" అన్నాడు. ఇంత సూటిగా ఆ ఆటను చెప్పినవాణ్ణి నేను ఏ ఛానల్లోనూ వినలేదు. ఇలాంటి మనిషి చేతికి మైకు ఇస్తే ఎలా ఉంటుందో అని చాలాసార్లు అనుకున్నాను.

2025 జనవరి 25న ఆడవాళ్ళ ఫైనల్. సబలెంకా వరసగా మూడో టైటిల్ కోసం ఆడుతోంది. అవతల మాడిసన్ కీస్, 29 ఏళ్ళు, అప్పటిదాకా ఒక్క గ్రాండ్‌స్లామ్ కూడా లేదు. సెమీస్‌లో ష్వియాంటెక్ చేతిలో ఓటమికి ఒక్క పాయింటు దూరంలో నిలిచి, ఆ మ్యాచ్ పాయింటు కాచుకుని వచ్చింది. ఇద్దరిలో ఎవరూ మనవాళ్ళు కారు. సాయంత్రం ఏడు గంటలప్పుడు మామ ఫోన్ చేశాడు. మధ్యాహ్నం టీవీలో పెట్టుకుని చూశాడట.

"ఆ కీసమ్మాయి మొదటి సెట్టు కొట్టింది, రెండోది ఇంకో అమ్మాయి కొట్టింది. ఇంతలో రొయ్యల గుంట కాడ కరెంటు పోయిందని ఫోనొచ్చింది, ఏరియేటర్లు ఆగిపోయాయంట. ఉరికినా. ఇంతకీ ఎవురు గెలిచారు అబ్బయ్యా?"

మూడో సెట్ 7-5, కీస్ అని చెప్పాను.

"ఏడు ఐదా? అయ్యో" అన్నాడు.