గిట్టుబాటు యాత్ర

కొత్త నగరానికి వెళ్లేముందు దాని చరిత్ర కాస్త చదువుకోవాలంటారు పెద్దలు. నాకంత తీరిక ఉండదు. ఆ నగరం అమ్మే, ఒకసారి కొంటే చాలా చోట్లకు పనికొచ్చే టూరిస్టు పాస్ కొనాలా వద్దా అన్నది తేల్చుకోవడానికే రాత్రులు చాలవు. ఎక్సెల్ షీటులో ఎడమవైపు మ్యూజియాల పేర్లు, పక్కన విడి టికెట్ల ధరలు, అడుగున మొత్తం, దానికి ఎదురుగా పాస్ ధర. మా ఆవిడ వెనక నిలబడి చూసి, "మనం ఊరు చూడ్డానికి వెళ్తున్నామా, ఆడిట్‌కి వెళ్తున్నామా?" అంది. ఇలాంటి ప్రశ్నలకు నా షీటులో గడి లేదు.

మేం నిజంగా చూడాలనుకున్నవి మూడు. మూడింటి టికెట్లూ కలిపినా పాస్ ధరలో సగానికి రాలేదు. బాధ్యత లేని మనిషైతే అక్కడితో కంప్యూటర్ కట్టేసి పడుకుంటాడు. నేను లేచి కూర్చున్నాను. తపాలా బిళ్లల మ్యూజియం చేర్చాను. మైనపు బొమ్మలు చేర్చాను. నదిలో గంటసేపు పడవ షికారు కూడా చేర్చాను, పడవెక్కితే నాకు కడుపులో తిప్పుతుందన్న సంగతి పక్కనబెట్టి. అప్పుడు తేలింది లెక్క: పాస్ కొంటే ముప్పై శాతం ఆదా! పుట్టి బుద్ధెరిగాక ఏనాడూ చూడాలనుకోనివాటిని విడి టికెట్లు కొని చూసి ఉంటే ఎంత నష్టపోయేవాణ్ణో తలుచుకుంటే ఒళ్లు జలదరించింది.

మా ఆవిడ పద్ధతి వేరు. పాస్ అనేదే లేదనుకుని, సొంత డబ్బు పెట్టి ఏవి చూస్తామో ముందు ఓ కాగితం మీద రాయమంటుంది. వాటి టికెట్ల మొత్తం పాస్ ధరను దాటితే పాస్, దాటకపోతే టికెట్లు. ఈ పద్ధతిలో పెద్ద లోపం ఒకటుంది. చాలాసార్లు పాస్ కొనాల్సిన అవసరం రాదు.

ఉచితంగా చూడనిచ్చే చోట్లతో ఇంకో చిక్కు. లండన్‌లో బ్రిటిష్ మ్యూజియం 1759లో ఉచితంగానే తలుపులు తెరిచింది, ఇప్పుడూ ఉచితమే. 2001 డిసెంబరులో బ్రిటన్ జాతీయ మ్యూజియాలకు ప్రవేశ రుసుం ఎత్తేశారు. న్యూయార్క్‌లో స్టేటెన్ ఐలండ్ ఫెర్రీకి 1997 నుంచి టికెట్ లేదు, దాని డెక్కు మీంచి స్వేచ్ఛా ప్రతిమ చక్కగా కనిపిస్తుంది కూడా. ఇవన్నీ షీటులో సున్నాలుగా తేలాయి. సున్నా దగ్గర పాస్ ఏం ఆదా చేస్తుంది? లండన్ జాబితాలోంచి బ్రిటిష్ మ్యూజియాన్ని కొట్టేశాను. గిట్టుబాటు కాదు.

ఇక పాస్ నిబంధనలు. వీటిని చదవడానికి న్యాయశాస్త్రం, జ్యోతిషం రెండూ కొద్దిగా వచ్చి ఉండాలి. పారిస్ మ్యూజియం పాస్ 48, 96, 144 గంటల లెక్కన దొరుకుతుంది. మొదటి గుమ్మం దాటిన నిమిషం నుంచి గడియారం మొదలు. కానీ లూవ్ర్ మ్యూజియానికి మంగళవారం సెలవు, ఓర్సే మ్యూజియానికీ వెర్సాయ్ రాజమందిరానికీ సోమవారం సెలవు. ఆదివారం రాత్రి దిగి రెండు రోజులే ఉండేవాడు ముహూర్తం పెట్టించుకోవాలి. చేతిలో పాస్ ఉన్నా లూవ్ర్‌కు ఫలానా వేళకు వస్తామని ముందే బుక్ చేసుకోవాలి. ఈఫిల్ టవర్ అసలు అందులో లేదు. రోమా పాస్‌ది మరో తరహా. 72 గంటల దాంట్లో మొదటి రెండు చోట్లకే ఉచితం, ఆ పైన తగ్గింపు. వాటికన్ మ్యూజియాలు లేవు, ఎందుకంటే వాటికన్ వేరే దేశం. ఇందులో పాస్‌ను తప్పుపట్టలేం. తప్పంతా దాన్ని వేరే దేశం చేసిన 1929 ఒప్పందానిది.

గంటలు కాకుండా తేదీలు లెక్కపెట్టే పాస్‌లతో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. సాయంత్రం నాలుగింటికి వాడినా ఆ రోజు చెల్లిపోయినట్టే. మేం కొన్నది అలాంటిదే. అందుకని దిగిన సాయంత్రమంతా హోటల్ గదిలోనే కూర్చున్నాం. కిటికీలోంచి పాత కోట బురుజు ఒకటి కనిపిస్తుంటే పరదా లాగేశాను. పాస్ మొదలుకాకముందే చూసేస్తే ఎలా?

మర్నాటి నుంచి కర్మయోగం. ఒక్కో మ్యూజియానికి నలభై నిమిషాలు, అందులో మరుగుదొడ్డికి నాలుగు. "క్యూ లేకుండా లోపలికి" అన్న హామీ టికెట్ కౌంటర్ వరకే. భద్రతా తనిఖీ దగ్గరున్న కొండవీటి చాంతాడులో రాజూ పేదా అందరూ సమానమే. రెండో అంతస్తులో ఒక బొమ్మ ముందు మా ఆవిడ ఆగిపోయింది.

"ఏమండీ, దీన్ని కాసేపు చూద్దాం."

"చూడు. కానీ పావుగంట నిలబడ్డావంటే పడవ పోతుంది. పడవ పోతే పాస్ నష్టంలోకి వెళ్తుంది."

ఆవిడ బొమ్మను వదిలి నన్ను చూసింది, పురావస్తువును చూసినట్టు.

నన్ను వెక్కిరించేవాళ్లు కాస్త శాస్త్రం తెలుసుకోవాలి. 1985లో ఆర్క్స్, బ్లూమర్ అనే ఇద్దరు పరిశోధకులు నాటకాల సీజన్ టికెట్లు కొన్నవాళ్లను పరిశీలించారు. పూర్తి ధర చెల్లించినవాళ్లు, తగ్గింపులో కొన్నవాళ్లకంటే ఎక్కువ నాటకాలకు వచ్చారు. నాటకాలు రెండు వర్గాలకూ అవే. పెట్టిన డబ్బే మనిషిని మెడపట్టి కుర్చీలో కూర్చోబెడుతుందన్నమాట. 2006లో అచ్చయిన మరో పరిశోధనలో, వ్యాయామశాలకు నెలనెలా చందా కట్టినవాళ్లకు ఒక్కో రాకకు 17 డాలర్లకు పైగా పడింది. పదిసార్ల పాస్ తీసుకుని ఉంటే రాకకు పది డాలర్లతో పోయేది. వాళ్లు డబ్బు కట్టి ఇంట్లో కూర్చునే రకం, నేను డబ్బు కట్టి మడమలు అరగదీసుకునే రకం. ఎవరు బుద్ధిమంతులో పాఠకులే చెప్పాలి.

తపాలా బిళ్లల మ్యూజియంలో మేమిద్దరమే. మమ్మల్ని చూసి కాపలా ఆయన అబ్బురపడి, రెండో గదిలో కూడా లైట్లు వేశాడు. పడవ సంగతి రాయను.

మూడో రోజు మధ్యాహ్నం 2:40కి, మైనపు బొమ్మల మధ్య, పాస్ గిట్టింది. ఏదో దేశపు చక్రవర్తి చెయ్యి పట్టుకుని ఊపేశాను. ఆ సంబరం పంచుకుందామంటే మా ఆవిడ పక్కన లేదు. పొద్దున్నే తన పాస్ నా చేతిలో పెట్టి, "ఇది కూడా మీరే వాడుకోండి" అని నది ఒడ్డున తోటకు వెళ్లిపోయింది. సాయంత్రం వెళ్లి చూస్తే ఓ బెంచీ మీద ఉంది. పొద్దుటి నుంచీ అక్కడే కూర్చుందట. నీళ్లు రంగు మారడం, ఎవరో ముసలాయన వయొలిన్ సాధన చేస్తూ పదేపదే ఒకేచోట తప్పడం, ఇవీ చూసినవి. అలా చెబుతుంటే మొహంలో మూడు రోజులుగా కనిపించని కళ. ఆ బెంచీకి టికెట్ లేదు కాబట్టి షీటులో ఎక్కించలేదు.

ఆవిడ పాస్ మాత్రం నష్టంలోనే ముగిసింది. దాన్ని వచ్చే ప్రయాణంలో రాబట్టాలి. ఆ నగరం పాస్‌లు అప్పుడే చూశాను. రెండు రోజులదానికంటే ఆరు రోజులది రోజుకు బాగా చవక. మేం అక్కడ ఉండేది రెండు రోజులే. సెలవు పొడిగించమని ఆఫీసులో అర్జీ పెట్టాను.