బొమ్మ చూసి చెబితే చదివినట్టేనట!

ఈ రోజు ఉపాధ్యాయుల శిక్షణలో ఒక చిన్న వీడియో చూపించారు. ఒకటో తరగతి పాప చేతిలో బొమ్మల పుస్తకం ఉంది. పేజీలో పెద్ద అక్షరాలతో "కాలువ" అని అచ్చయి ఉంది. పాప ఆ అక్షరాల వైపు కన్నెత్తి చూడకుండా, బొమ్మలోని నీళ్ల మీద వేలు పెట్టి "నది" అంది. శిక్షణ ఇస్తున్న పెద్దమనిషి వీడియోను అక్కడ ఆపి, భావం చెడలేదు కాబట్టి సరిదిద్దనవసరం లేదనీ, అర్థవంతమైన పఠనమంటే ఇదేననీ సెలవిచ్చారు. గదంతా చప్పట్లు. నేను చెయ్యెత్తితే, ప్రశ్నలు చివర్లో అడగమన్నారు. చివర్లో సామూహిక ఛాయాచిత్రం తీశారు గానీ ప్రశ్నలకు మాత్రం సమయం చాలలేదు.

మూడక్షరాల మాటకు బదులు రెండక్షరాల మాట చెప్పింది, ఆ రెండింటికీ ఉమ్మడిగా ఒక్క అక్షరమైనా లేదు, అయినా ఆ పాప చదివిందట! రేపు బొమ్మలు లేని పాఠం ముందు పెట్టినప్పుడు ఆ పాప ఏం చూసి చెప్పాలో కూడా ఆ మహానుభావుడే సెలవిచ్చి ఉంటే రాసుకునేవాళ్లం.

చదవడం అంటే ఒక రకమైన ఊహించే ఆట అని అమెరికన్ విద్యావేత్త కెనెత్ గుడ్‌మన్ 1967లో రాశారు. అదే సంవత్సరం హార్వర్డ్‌లో జీన్ చాల్, అప్పటిదాకా జరిగిన పరిశోధనలను పక్కపక్కన పెట్టి పరిశీలించి, అక్షరానికీ ధ్వనికీ ఉన్న సంబంధాన్ని మొదటి నుంచీ నేరుగా నేర్పితేనే పిల్లలకు మేలు జరుగుతోందని తేల్చారు. ఈ రెండింటిలో ఏది శిక్షణ గదుల దాకా ప్రయాణించిందో వేరే చెప్పాలా? ఊహించడం నేర్పడానికి ఉపాధ్యాయుడికి శ్రమ ఉండదు, చూసేవాళ్లకు ముచ్చటగానూ ఉంటుంది. ఆ తరువాత మనస్తత్వవేత్త కీత్ స్టానోవిచ్, బాగా చదివేవాళ్లే సందర్భాన్ని బట్టి మాటను ఎక్కువగా ఊహిస్తారన్న అంచనాతో పరిశోధన మొదలుపెట్టి, ఫలితాలు సరిగ్గా అందుకు విరుద్ధంగా రావడం చూశారు: మాటను గుర్తించడానికి సందర్భం మీద ఎక్కువగా ఆధారపడేది చదవడం సరిగా రానివాళ్లే. అంటే బలహీనుల అలవాటును ఏరికోరి తెచ్చి, దాన్నే నైపుణ్యంగా అందరికీ నేర్పుతున్నామన్నమాట.

అమెరికాలో 2000లో జాతీయ పఠన మండలి నివేదిక, ఆస్ట్రేలియాలో 2005 నాటి జాతీయ విచారణ, ఇంగ్లండులో 2006 నాటి జిమ్ రోజ్ సమీక్ష: మూడు దేశాల వాళ్లూ విడివిడిగా కూర్చుని ఒకే మాట చెప్పారు, అక్షరానికీ ధ్వనికీ ఉన్న సంబంధాన్ని ఒక క్రమంలో నేరుగా నేర్పాలని. ఇంగ్లండులో 2012 నుంచి చిన్నపిల్లలందరికీ 40 మాటలతో ఒక పరీక్ష పెడుతున్నారు. వాటిలో సగం అర్థం లేని కల్పిత పదాలు. అర్థం లేని పదాన్ని ఎవరూ ఊహించి చెప్పలేరు, కాబట్టి పిల్లవాడు అక్షరాలను కూడబలుక్కోగలడో లేదో నిమిషాల్లో బయటపడుతుంది. దానికి వచ్చిన అభ్యంతరం ఏమిటంటే, అర్థం లేని పదాలిస్తే పిల్లలు అయోమయపడతారట. ఆరేళ్ల పిల్లకు కొత్త పుస్తకంలోని ప్రతి మూడో మాటా ముందు అర్థం లేని పదమేనని వీళ్లకు ఎవరు చెప్పాలి?

ఇదంతా ఇంగ్లీషు వాళ్ల గొడవ, మన లిపిలో రాసినట్టే చదువుతాం కదా అనేవాళ్లు ఇప్పుడు తప్పకుండా వస్తారు. రండి. కన్నడంలో పఠన వికాసం మీద సోనాలి నాగ్ 2007లో ప్రచురించిన పరిశోధన, మన లిపికి తోబుట్టువు లాంటి ఆ లిపిని పట్టుకోవడానికి పిల్లలకు ఒకటి రెండు తరగతులు చాలవని చూపించింది. గుణింతాలు, ఒత్తులు కలిస్తే గుర్తుపట్టవలసిన రూపాలు వందల్లో ఉంటాయి. గుణింతాన్ని రాగయుక్తంగా అప్పజెప్పే పిల్లవాడికి "క్ష్మి" చూపించి చదవమనండి, తెలుస్తుంది.

భావం ముఖ్యం కాదని నేను అనడం లేదు. ఫిలిప్ గఫ్, విలియం టన్మర్ అనే పరిశోధకులు 1986లో చెప్పిన లెక్క చాలా చిన్నది: అక్షరాలను మాటగా మార్చగల శక్తిని భాషను అర్థం చేసుకునే శక్తితో గుణిస్తే వచ్చేదే చదివి అర్థం చేసుకోవడం. రెండూ కావాలి, కానీ మొదటిది సున్నా అయితే రెండోది ఎంత ఉన్నా ఫలితం సున్నాయే. కథలు చెప్పండి, మాటలు నేర్పండి, పుస్తకాలు చదివి వినిపించండి, ఎవరు వద్దన్నారు?

అసలు నా కడుపుమంట ఈ రోజుది కాదు. కిందటి ఏడాది ఒక బడిలో, రెండో తరగతి పూర్తి కావస్తున్నా ఒక్క వాక్యం చదవలేని పిల్లవాడి గురించి, వెంటనే విడిగా సాయం మొదలుపెట్టాలని నేను రాసి ఇచ్చాను. "మీరు మరీ కంగారు పడతారు మేడమ్, వాడికి సమయం వచ్చినప్పుడు వాడికే వస్తుంది" అన్నారు. కానీ 54 మంది పిల్లలను ఒకటో తరగతి నుంచి నాలుగో తరగతి దాకా గమనించి, కోనీ జుయెల్ అనే పరిశోధకురాలు 1988లో ప్రచురించిన ఫలితం ప్రకారం, ఒకటో తరగతి చివర్లో చదవడంలో వెనకబడిన బిడ్డ నాలుగో తరగతి చివరికీ అలాగే ఉండే అవకాశం నూటికి 88. ఇంతకీ ఆ బడిలో పఠన నిపుణురాలు కూడా ఉన్నారు. ఎవరైనా సెలవు పెడితే వాళ్ల తరగతిలో కూర్చోవడం, తనిఖీకి ముందు గోడల మీద పటాలు అతికించడం ఆవిడ పనులు. ఏళ్ల తరబడి చదివి నేర్చుకున్న విద్యను ఒక్కో బిడ్డ మీద పది నిమిషాలు వాడనిచ్చినా, ఆ తరగతిలో ఎవరికి ఏ అక్షరం దగ్గర ఆగిపోతోందో ఆవిడ వారంలో చెప్పగలరు. వాడనివ్వరు, ఎందుకంటే అప్పుడు తెలిసిపోతుంది, తెలిస్తే ఏదో ఒకటి చేయవలసి వస్తుంది. ఈసారి నన్ను ఆగమన్నవాళ్లను, ఎన్నాళ్లు ఆగాలో, ఏ ఆధారంతో ఆగమంటున్నారో సంతకం పెట్టి కాగితం మీద ఇవ్వమని అడగబోతున్నాను.