“ర్యాంపు ఉంది కదా, ఇంకేం కావాలి?” అనేవాళ్లకు

తిరుపతి అపార్ట్‌మెంట్, లాడ్జి వాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. “మాట్లాడే లిఫ్టులు, సెన్సర్ తలుపులు డబ్బున్నవాళ్ల షోకు. దివ్యాంగులు వచ్చేది ఎంతమంది? ర్యాంపు ఉంటే చాలు. కరెంటు పోతే ఈ స్మార్ట్ సామాన్లన్నీ వేస్టు” అని దాని సారం. ఇందులో ఏ ఒక్క మాటా నిలవదు.

ఎంతమంది అని తిరుపతిలో ఉండి అడగడమే నాకు బాధ కలిగించింది. పోలియో, ఎముకల ఆపరేషన్ల కోసం ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చే బర్డ్ ఆసుపత్రి ఇక్కడే ఉంది. కొండ మీద దివ్యాంగుల దర్శనానికి టీటీడీ ప్రత్యేక ఏర్పాటే చేసింది. వీళ్లలో చాలామంది ఏదో ఒక లాడ్జిలో దిగాల్సిందే కదా! మెట్లు చూసి వెనక్కి పోయినవాళ్లు యజమాని లెక్కలోకి రారు, అందుకే ఎవరూ రావడం లేదనుకుంటాడు.

ర్యాంపుకు అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు ఉండాలి. చాలాచోట్ల బైకులు ఎక్కించడానికి పోసిన నిటారు వాలునే ర్యాంపు అంటున్నారు. సరే, సరైనదే కట్టారనుకుందాం. చూపు లేని మనిషికి దానివల్ల ఒరిగేదేంటి? ఏ అంతస్తు వచ్చిందో లిఫ్టు చెప్పాలి, బటన్ల మీద బ్రెయిలీ ఉండాలి. ఫ్యాషన్ అని నున్నటి టచ్ ప్యానెల్ పెడితే తడిమి నొక్కుకునే వీలు కూడా పోతుంది, అలాంటి స్మార్ట్ నాకూ వద్దు. రెండు చంకకర్రల మీద నడిచే మనిషి బరువైన అద్దం తలుపు ఏ చేత్తో లాగాలి? ఇక వినపడనివాళ్ల సంగతి ఎవరికీ గుర్తే రాదు. అర్ధరాత్రి మంటలు లేస్తే సైరన్ వాళ్లను లేపలేదు. గదిలో మెరిసే లైటు, దిండు కింద అదిరే పరికరం కావాలి. లిఫ్టులో ఇరుక్కుంటే ఇంటర్‌కంలో అవతలివాళ్ల మాట వినలేరు, సాయం వస్తోందని తెర మీద కనపడాలి.

కరెంటు పోతే లిఫ్టును దగ్గరి అంతస్తుకు చేర్చి తలుపు తెరిచే బ్యాటరీ ఏర్పాటు, ఏఆర్‌డీ, ఎప్పటి నుంచో ఉంది. సెన్సర్ తలుపు చేత్తో కూడా తెరుచుకునేదై ఉండాలి, అంతే.

షోకు అన్న మాటకు 2016 దివ్యాంగుల హక్కుల చట్టమే జవాబు. ప్రైవేటువైనా సరే, జనం వచ్చిపోయే భవనాలు దాని కిందికి వస్తాయి. నియమాలు 2017లో వచ్చాయి, పాత భవనాలను దివ్యాంగులకు వీలుగా మార్చడానికి ఇచ్చిన ఐదేళ్ల గడువు 2022తోనే ముగిసింది. ఆ నియమాల్లోని ప్రమాణాలు ఉత్త సలహాలుగా ఉంటే కుదరదని, తప్పనిసరి చేయాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు కేంద్రానికి చెప్పింది.

కొత్త లిఫ్టుకు కొటేషన్ అడిగేటప్పుడే వాయిస్, బ్రెయిలీ బటన్లు, ఏఆర్‌డీ అందులో రాయించండి. తర్వాత పెట్టాలంటే ప్యానెల్ మొత్తం మార్చాల్సి రావచ్చు, అసలు ఖర్చు అప్పుడే.