పరంజా మీది ఫొటో

మా హౌసింగ్ బోర్డు క్వార్టర్లకు ఎట్టకేలకు మరమ్మతు నిధులు మంజూరై, కాంట్రాక్టరు వచ్చి, గోడల వెంట పరంజా లేచింది. సికింద్రాబాద్ ఐడీహెచ్ కాలనీలో పాత ఇళ్లను పూర్తిగా కూల్చి, 396 రెండు పడకగదుల ఇళ్లు కట్టి 2015లో ప్రారంభించారు. మాకు దక్కినది మాత్రం మనుషులు లోపల ఉండగానే చేసే బాగుచేత.

నిన్న ఉదయం నేను ఒళ్లంతా సబ్బు పట్టించుకుని ఉండగా, పాత ఇనుప డ్రైనేజీ గొట్టాన్ని పెకలించబోయిన పనివారు, ఇన్నేళ్లుగా దానినే నమ్ముకుని నిలబడిన స్నానాలగది గోడను కూడా ఊడబెరికారు. దుమ్ము అణగిన తరువాత ఆ కంతలోంచి ముగ్గురు కనిపించారు: గడ్డపారతో మేస్త్రీ, సెల్‌ఫోన్‌తో సైట్ ఇంజినీరు, పని పర్యవేక్షించడానికని తమంతట తామే పరంజా ఎక్కిన మా పై అంతస్తు పెద్దాయన.

"సార్, లబ్ధిదారు మీరేనా?" అని ఇంజినీరు ఎంతో మర్యాదగా అడిగాడు.

ఆ స్థితిలో కాదనడానికి నా దగ్గర ఆధారమేమీ లేదు.

"అయితే కదలకండి సార్. లబ్ధిదారు ఫొటో లేకపోతే యాప్ తీసుకోదు, బిల్లు ఆగిపోతుంది."

ఆ ఫొటోలో అక్షాంశ రేఖాంశాలు కూడా పడతాయట. నేను భూగోళం మీద ఎక్కడ ఉన్నానో తెలుసుకోవాలని ఇంత ఆరాటపడిన శాఖకు, ఎలా ఉన్నానన్నది పట్టలేదు. మేస్త్రీ సంస్కారవంతుడు కనుక ముఖం పక్కకు తిప్పుకుని, "బకెట్ ముందుకు జరుపుకోండి సార్" అని సలహా ఇచ్చాడు. బకెట్ నిండా నీళ్లు, అది జరగలేదు. చేతిలో ఉన్నది పారదర్శకమైన ప్లాస్టిక్ మగ్గు. ఏ ప్రభుత్వ పథకంలోనూ నేను చూడని పారదర్శకత సరిగ్గా ఆ క్షణంలోనే నాకు ప్రాప్తించింది. పెద్దాయన మాత్రం నా తల మీదుగా మా స్నానాలగది పైకప్పును పరిశీలించి, "చూశారా, ఆ తేమ మా గదిది కాదని ఎన్నిసార్లు చెప్పినా విన్నారా? ఇంజినీరుగారూ, దీనిని కూడా ఒక ఫొటో తీయండి" అన్నారు. ఇంజినీరు దానినీ తీశాడు. అందులోనూ నేను ఉన్నాను.

సాయంత్రానికి కంతకు పథకం ఫ్లెక్సీ కట్టారు, నాయకుల బొమ్మలు లోపలి వైపుకు వచ్చేలా. యాప్‌లో మా గోడ పని వంద శాతం పూర్తయినట్టు చూపిస్తోంది. సిమెంటు ఇంకా రావలసి ఉందట.