మార్కులు సరే, మౌస్ పక్కన పెట్టి చూశారా?

ఓ వెబ్‌సైటుని వికలాంగులు వాడగలరా అని తనంతట తానే పరీక్షించే ఆటోమేటిక్ టూల్‌లో మంచి స్కోరు వచ్చింది కాబట్టి ఆ సైటు వాళ్లకి అనుకూలమే అని మీ వ్యాసంలో తేల్చేశారు, నాకైతే ఒప్పుకోబుద్ధి కావట్లేదు. ఫొటోకి ఆల్ట్ టెక్స్ట్ (చూపులేనివాళ్ల కోసం బొమ్మలో ఏముందో చెప్పే మాటలు) ఉందా లేదా అనేదే టూల్ చూస్తుంది, అందులో ఏం రాశారో దానికి పట్టదు. ఇక్కడ విశాఖలో చూపులేని మా ఫ్రెండ్ ఎన్‌వీడీఏ (తెర మీదున్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్) పెట్టుకుని ఇలాంటి సైటే ఒకటి తెరిస్తే, ఆర్కే బీచ్ బొమ్మ దగ్గర అది "గ్రాఫిక్, ఫొటో" అని మాత్రం చదివి ముందుకెళ్లిపోయింది. టూల్ లెక్కలో ఆ ఆల్ట్ టెక్స్ట్ పాసే మరి!

మీరు చెప్పిన సైటులో మౌస్ వదిలేసి కీబోర్డు మీద ట్యాబ్ నొక్కుతూ పోతే ఫోకస్ (ఇప్పుడు ఏ లింకు, ఏ బటన్ మీదున్నామో చూపే గుర్తు) ఎక్కడుందో తెలీదు. మామూలు అక్షరాలకి డబ్ల్యూసీఏజీ (వెబ్‌సైట్లు అందరూ వాడగలిగేలా ఉండాలని చెప్పే అంతర్జాతీయ మార్గదర్శకాలు) ఏఏ స్థాయిలో అక్షరాల రంగుకీ వెనక రంగుకీ మధ్య కనీసం 4.5:1 కాంట్రాస్ట్ (తేడా) కావాలి, వీళ్లేమో లేత బూడిద రంగు (డిజైనర్లకి అదేం మోజో). స్క్రీన్ రీడర్ రోజూ వాడేవాళ్లతో, డబ్బులిచ్చి, ఓసారి టెస్ట్ చేయించండి.